మగకప్ప కాలేయంలో పచ్చసొన జీన్: ఈ సెమినార్ ఎలా చెప్పాలి

ఎంఎస్సీ జువాలజీలో ఏటా ఎవరో ఒకరికి ఈ టాపిక్ పడుతుంది: ఉభయచరాల కాలేయ కణాల్లో హార్మోన్లు జీన్ ఎక్స్‌ప్రెషన్‌ను (జీన్‌లోని సమాచారం ప్రోటీన్‌గా మారడాన్ని) ఎలా ఆన్ చేస్తాయి. తిరుపతిలో చదివేవాళ్లలో చాలామంది మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. కొందరు ఇంటర్ దాకా తెలుగు మీడియం. టాపిక్ పేరు చూడగానే టెన్షన్ మొదలవుతుంది. సీనియర్ల పాత పీపీటీ అడిగి తెచ్చుకుంటారు, ముప్పై స్లైడ్లు గబగబా చదివేసి కూర్చుంటారు. విన్నవాళ్లకు ఏమీ మిగలదు, చెప్పినవాళ్లకూ మిగలదు. అది చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే ఎండోక్రినాలజీలో ఇంత చక్కగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే తాడు పట్టుకుని చెప్పగలిగే విషయం ఇంకోటి దొరకడం కష్టం.

ఇరవై నిమిషాలు, ఒక బోర్డు, రెండు రంగుల చాక్‌పీసులు చాలు. ఎలా తయారవ్వాలో, ఏది ముందు చెప్పాలో, ఎక్కడ ఆగాలో చెబుతాను.

ముందు టాపిక్‌ను కుదించండి

"హార్మోన్లు" అని బహువచనంలో ఉంది కదా అని థైరాక్సిన్, ఇన్సులిన్, కార్టికోస్టెరాన్ అన్నీ పెట్టుకోవద్దు. ఒక జంతువు, ఒక అవయవం, ఒక హార్మోన్, ఒక ప్రోటీన్ తీసుకోండి. జంతువు జెనోపస్ లీవిస్, అంటే దక్షిణాఫ్రికా గోళ్ల కప్ప. అవయవం కాలేయం. హార్మోన్ ఈస్ట్రడయాల్, ఈస్ట్రోజెన్ హార్మోన్లలో ముఖ్యమైనది. ప్రోటీన్ విటెల్లోజెనిన్, పచ్చసొనకు ముడిసరుకు. ఈ నాలుగూ బోర్డు మీద ఎడమవైపు పైన రాసి, సెమినార్ అయ్యేదాకా చెరపకండి.

జెనోపసే ఎందుకు అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పొచ్చు. 1930ల్లో గర్భ నిర్ధారణకు ఈ ఆడకప్పను వాడేవాళ్లు. గర్భిణి మూత్రం నుంచి తయారుచేసినది ఎక్కిస్తే కొన్ని గంటల్లో గుడ్లు పెట్టేది. అలా ప్రపంచమంతా ల్యాబుల్లోకి చేరింది. మన చెరువుల్లో ఇది ఉండదు. వానలకు మన ఊళ్లలో అరిచేది బావురుకప్ప, అది వేరే జాతి.

కోడిగుడ్డుతో మొదలుపెట్టండి

నిర్వచనంతో మొదలుపెట్టొద్దు. చిత్తూరు జిల్లాలో కోళ్ల ఫారం చూడనివాళ్లు ఉండరు. అందుకని ఇలా అడగండి: "గుడ్డులో పచ్చసొన ఎక్కడ తయారవుతుంది?" క్లాసులో ఎక్కువమంది అండాశయం అంటారు. కాదు, కాలేయంలో. ఈస్ట్రోజెన్ చెప్పగానే పెట్ట కాలేయం విటెల్లోజెనిన్ అనే పెద్ద ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పెరుగుతున్న అండం దాన్ని రిసెప్టర్ల (ఒక అణువును గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్ల) సాయంతో లోపలికి లాక్కుంటుంది. అక్కడ అది ముక్కలై లైపోవిటెల్లిన్, ఫాస్విటిన్ అవుతుంది. అవే పచ్చసొనలోని ముఖ్య ప్రోటీన్లు. కప్పలోనూ దారి ఇదే. కార్జం కూర తినే అవయవానికీ గుడ్డు పచ్చసొనకూ సంబంధం ఉందని తెలిసిన క్షణం నుంచి క్లాసు మీ వెంట వస్తుంది.

ఈ ప్రోటీన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పండి. ఒక్కో గొలుసు బరువు సుమారు 2 లక్షల డాల్టన్లు, రెండు గొలుసులు కలిసి తిరుగుతాయి. ఫాస్విటిన్ భాగంలో దాదాపు సగం అమైనో ఆమ్లాలు సెరిన్లే, వాటికి ఫాస్ఫేట్లు అతుక్కుని ఉంటాయి. పిల్లకప్పకు కావలసిన ఫాస్ఫేటు, అమైనో ఆమ్లాలు, కొవ్వు అన్నీ ఈ ఒక్క మూటలోనే వెళతాయి. అంతకంటే వివరం ఇక్కడ వద్దు.

ఇప్పుడు మగకప్పను తీసుకురండి

మీ సెమినార్‌కు ప్రాణం ఇక్కడుంది. ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి.

మగకప్ప గుడ్లు పెట్టదు. దాని రక్తంలో మామూలుగా విటెల్లోజెనిన్ ఉండదు. అదే మగకప్పకు ఈస్ట్రడయాల్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లో రక్తంలో విటెల్లోజెనిన్ నిండిపోతుంది. దాన్ని తీసుకునే అండాశయం లేదు కాబట్టి అలా పేరుకుంటూనే ఉంటుంది.

ఇక్కడ ఆగండి. "దీని నుంచి మనకేం తెలుస్తోంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా చూడండి. తెలిసేవి మూడు. మొదటిది, జీన్ మగకప్పలో కూడా ఉంది, మూతపడి ఉందంతే. హార్మోన్ కొత్తగా జీన్‌ను తేలేదు. రెండోది, మగ కాలేయంలో ఈస్ట్రోజెన్ మాట వినే ఏర్పాటు, అంటే రిసెప్టర్, ముందే ఉంది. మూడోది ప్రయోగం చేసేవాళ్లకు వరం లాంటిది: సున్నా నుంచి మొదలవుతుంది. ఆడకప్పలో ఎప్పుడూ కొంత ఈస్ట్రోజెన్, కొంత విటెల్లోజెనిన్ ఉంటాయి, ఎంత పెరిగిందో తేల్చడం కష్టం. మగకప్పలో అయితే కనపడిన ప్రతి అణువూ మీరిచ్చిన హార్మోన్ వల్లే. లండన్‌లోని మిల్ హిల్ సంస్థలో పనిచేసిన జంషెడ్ టాటా కూడా 1970ల్లో ఈ మగకప్పల మీద విస్తారంగా పనిచేశారు. ఆయన 1930లో బొంబాయిలో పుట్టి, బెంగళూరు ఐఐఎస్సీలో చదివినవారు. హార్మోన్లు జీన్ల ద్వారా పనిచేస్తాయన్న ఆలోచన ఇంకా కొత్తగా ఉన్న 1960ల్లోనే దాన్ని పట్టుకున్నవారిలో ఒకరు. మన దగ్గర చదివి వెళ్లిన మనిషి పేరు ఈ టాపిక్‌లో చెప్పకపోతే లోటే.

ఒక్కో అనుమానాన్నీ ఒక్కో ప్రయోగంతో తీర్చండి

స్లైడుల్లో "మెకానిజం" అని పెట్టి బాణాలు గీసే పద్ధతి మానేయండి. అనుమానం, దానికి ప్రయోగం, దానికి ఫలితం, ఈ వరసలో చెప్పండి. మూడు అనుమానాలు చాలు.

మొదటి అనుమానం: ఈస్ట్రోజెన్ నేరుగా కాలేయం మీదే పనిచేసిందా, లేక పిట్యూటరీనో ఇంకోదాన్నో కదిలించి, అది కాలేయానికి చెప్పిందా? 1975లో వాంగ్, నోలాండ్ కప్ప కాలేయాన్ని బయటికి తీసి కల్చర్‌లో ఉంచి, ఆ ద్రావణంలోనే ఈస్ట్రడయాల్ కలిపారు. మగకప్ప కాలేయం కూడా గిన్నెలోనే విటెల్లోజెనిన్ తయారుచేసింది. మధ్యవర్తి ఎవరూ లేరని తేలింది.

రెండో అనుమానం: కణంలో ముందే దాచిపెట్టిన ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి తీసిన నకలు) ఉండి, హార్మోన్ దాన్ని లేపిందేమో? దీనికి రెండు వైపుల నుంచి జవాబు ఉంది. ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే యాక్టినోమైసిన్-డి ఇస్తే విటెల్లోజెనిన్ రాదు. ఇది పరోక్ష సాక్ష్యం, ఎందుకంటే ఆ మందు అన్ని జీన్లనూ ఆపుతుంది. నేరుగా దొరికిన సాక్ష్యం తర్వాత వచ్చింది. విటెల్లోజెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి సీడీఎన్‌ఏ (దానికి జతపడే డీఎన్‌ఏ ప్రతి) తయారుచేసి, దానితో వెతికితే, హార్మోన్ ఇవ్వని మగ కాలేయంలో ఆ ఎంఆర్‌ఎన్‌ఏ దాదాపు లేదు. ఇచ్చాక గంటల్లో కనపడటం మొదలై, ఒక్కో కణంలో సుమారు 50,000 అణువుల దాకా పెరిగింది. అప్పటికి కణంలోని మొత్తం ఎంఆర్‌ఎన్‌ఏలో దాదాపు సగం ఇదొక్కటే. ఈ సంఖ్యను బోర్డు మీద పెద్దగా రాయండి, తర్వాత లెక్కలో పనికొస్తుంది.

మూడో అనుమానం: ఒకటే జీనా? కాదు. 1979లో వాల్టర్ వాలీ బృందం ఇది చిన్న జీన్ కుటుంబమని చూపింది. ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు. ఏ గుంపుకూ బీ గుంపుకూ మధ్య సుమారు 20 శాతం తేడా, గుంపు లోపల సుమారు 5 శాతం. ఈ విషయం ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. మనకు ఏ2 కావాలి.

రిసెప్టర్ దగ్గర పాత నోట్సును నమ్మొద్దు

ఈస్ట్రడయాల్ చిన్న స్టెరాయిడ్, 272 డాల్టన్లు. కొవ్వులో కరుగుతుంది, కణత్వచం దాటి లోపలికి వస్తుంది. 1950ల చివర్లో చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ ట్రిషియంతో గుర్తుపెట్టిన ఈస్ట్రడయాల్‌ను ఎలుకలకు ఇచ్చి, గర్భాశయం లాంటి కణజాలాలు మాత్రమే దాన్ని పట్టి ఉంచుకుంటాయని చూపాడు. రిసెప్టర్ అనే మాటకు ఈ విషయంలో పునాది అక్కడ పడింది.

చాలా నోట్సుల్లో, జిరాక్స్ షాపుల్లో దొరికే గైడ్లలో, "ఈస్ట్రోజెన్ రిసెప్టర్ సైటోప్లాజంలో ఉంటుంది, హార్మోన్ అతుక్కున్నాక కేంద్రకంలోకి వెళుతుంది" అని ఉంటుంది. అది పాత రెండంచెల నమూనా. 1984లో రెండు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో చూసి, హార్మోన్ లేనప్పుడు కూడా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుందని తేల్చాయి. కణాలను చిదిమినప్పుడు అది కేంద్రకం నుంచి బయటికి జారడం వల్ల సైటోప్లాజంలో ఉన్నట్టు కనపడింది. సైటోప్లాజంలో ఉండి, హార్మోన్ వచ్చాక కదిలేది గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్. ఈ రెంటినీ కలిపేయడం మన దగ్గర చాలా మామూలు తప్పు. మీరు సరిగ్గా చెబితే ముందు వరసలో కూర్చున్న సార్ తలెత్తి చూస్తారు.

హార్మోన్ రాకముందు రిసెప్టర్‌ను హెచ్‌ఎస్‌పీ90 లాంటి ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి. ఈస్ట్రడయాల్ అతుక్కోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది, అవి వదిలేస్తాయి, రెండు రిసెప్టర్లు జతకడతాయి. జింక్ ఫింగర్లు ఉన్న భాగంతో డీఎన్‌ఏను పట్టుకుంటాయి. డీఎన్‌ఏను పట్టుకునేది హార్మోన్ కాదు, రిసెప్టర్. ఈ మాట నోటితో స్పష్టంగా చెప్పండి.

పదమూడు అక్షరాలు బోర్డు మీద రాయండి

ఇప్పుడు చాక్‌పీసు తీసుకోండి. స్లైడులో చూపిస్తే ఇది అర్థం కాదు, చేత్తో రాస్తేనే అర్థమవుతుంది.

ఏ2 జీన్ మొదలయ్యే చోటికి 300 అక్షరాలకు (ఏ, టి, జి, సి అనే డీఎన్‌ఏ బేసులకు) పైగా ముందు ఈ వరస ఉంటుంది. ఒక రంగుతో రాయండి:

జి జి టి సి ఏ – సి ఏ జి – టి జి ఏ సి సి

కింద రెండో పోగును ఇంకో రంగుతో రాయండి, జికి ఎదురు సి, టికి ఎదురు ఏ:

సి సి ఏ జి టి – జి టి సి – ఏ సి టి జి జి

ఇప్పుడు కింది పోగును కుడి నుంచి ఎడమకు చదవమని క్లాసులో ఒకరిని లేపండి. జి జి టి సి ఏ... అని వాళ్లే చదువుతారు. పైపోగులో ఎడమ నుంచి మొదలైన అయిదు అక్షరాలే కింది పోగులో కుడి నుంచి మొదలవుతున్నాయి. మధ్య మూడు మాత్రం అలా కలవవు, వాటి పని ఎడం పాటించడమే. రెండు రిసెప్టర్లు ఎందుకు జతకట్టాలో ఇప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు. ఒక్కో రిసెప్టర్ ఒక్కో సగాన్ని పట్టుకుంటుంది, ఎదురెదురు దిశల్లో. ఈ వరసకు ఈస్ట్రోజెన్ రెస్పాన్స్ ఎలిమెంట్, పొట్టిగా ఈఆర్‌ఈ అని పేరు.

ఇది నిజంగా స్విచ్చేనా అని అడిగితే 1986 ప్రయోగం చెప్పండి. జర్మనీలో కార్ల్స్‌రూహేలో రిఫెల్ బృందం ఏ2 జీన్ ముందున్న ముక్కను తీసి క్యాట్ అనే రిపోర్టర్ జీన్ (ముందున్న స్విచ్ పనిచేసిందో లేదో చూపే జీన్) ముందు అతికించింది. క్యాట్ బ్యాక్టీరియా జీన్, దానికి ఈస్ట్రోజెన్‌తో ఏ సంబంధమూ లేదు. ఆ మొత్తాన్ని ఎంసీఎఫ్-7 అనే మనిషి రొమ్ము క్యాన్సర్ కణాల్లో పెట్టారు, వాటిలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ముందే ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఇస్తే క్యాట్ పనిచేసింది, ఇవ్వకపోతే లేదు. ముక్కను కుదించుకుంటూ వస్తే చివరికి తేలింది ఈ 13 అక్షరాల వరసే. ఈ ప్రయోగం దగ్గర కాస్త నిలబడండి. కప్ప డీఎన్‌ఏ, బ్యాక్టీరియా జీన్, మనిషి రిసెప్టర్, మూడూ ఒక్క గిన్నెలో కలిసి పనిచేశాయి. కప్ప రాసుకున్న వరసను మనిషి రిసెప్టర్ తడబడకుండా చదివింది. ఈ రోజుకీ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మీద పనిచేసే ల్యాబుల్లో ఈ కప్ప ఏ2 వరసనే ప్రమాణంగా వాడుతున్నారు.

బీ1 జీన్‌లో ఇంత పొందికైన వరస లేదు, కొంచెం లోపాలున్న రెండు వరసలు పక్కపక్కనే ఉండి కలిసి పనిచేస్తాయి. సమయం ఉంటేనే చెప్పండి.

రిసెప్టర్ కూర్చున్నాక జరిగేది క్లుప్తంగా చాలు. అది కోయాక్టివేటర్లను, అంటే జీన్ ఆన్ కావడానికి తోడ్పడే ప్రోటీన్లను, పిలుస్తుంది. వాటిలో పీ300 లాంటివి హిస్టోన్లకు (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లకు) అసిటైల్ గుంపులు తగిలించి క్రోమాటిన్‌ను, అంటే ఆ చుట్టలను, వదులు చేస్తాయి, ఇంకొన్ని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2ను ప్రమోటర్ (జీన్‌ను చదవడం మొదలుపెట్టే చోటు) దగ్గరికి చేరుస్తాయి. బీ1 జీన్ విషయంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఈఆర్‌ఈకీ ప్రమోటర్‌కీ మధ్య ఒక న్యూక్లియోజోమ్ (హిస్టోన్ల ఉండ) కుదురుగా కూర్చుని, డీఎన్‌ఏ దాని చుట్టూ తిరగడంతో దూరంగా ఉన్న రెండు చోట్లూ దగ్గరికొస్తాయి. న్యూక్లియోజోమ్ అంటే ఎప్పుడూ అడ్డమే అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

సగం ఆయుష్షు లెక్క: దీన్ని వదలొద్దు

చాలా సెమినార్లు "ట్రాన్స్‌క్రిప్షన్ (జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీ) మొదలవుతుంది" దగ్గర ముగిసిపోతాయి. నా దృష్టిలో సగం కథ అక్కడి నుంచే. జీన్ ఆన్ చేయడం ఒక్కటే హార్మోన్ పని అయితే 50,000 అణువులు పోగవవు. తయారైన ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు నిలుస్తుందన్నది కూడా హార్మోన్ చేతిలోనే ఉంది.

1983లో బ్రాక్, షపీరో కొలిచి చెప్పారు. ఈస్ట్రోజెన్ ఉన్నంతసేపు విటెల్లోజెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ హాఫ్ లైఫ్ (ఉన్నది సగానికి తగ్గే కాలం) సుమారు 500 గంటలు. ఈస్ట్రోజెన్ తీసేస్తే సుమారు 16 గంటలు.

ఈ రెండు సంఖ్యలను చదివి వదిలేయకండి, లెక్క చేసి చూపించండి. కణంలో 50,000 అణువులు ఉన్నాయి, ఈ క్షణంలో కొత్తగా తయారవడం ఆగిపోయింది అనుకోండి. రెండు రోజులు, అంటే 48 గంటలు గడిచాయి. హార్మోన్ లేకపోతే 48లో మూడు పదహార్లు. సగం అయితే 25,000, మళ్లీ సగం 12,500, మళ్లీ సగం 6,250. మిగిలింది ఎనిమిదో వంతు. హార్మోన్ ఉంటే? 48 గంటలు అనేది 500 గంటల్లో పదో వంతు కూడా కాదు. క్యాలిక్యులేటర్‌తో చూస్తే సుమారు 94 శాతం, అంటే దాదాపు 47,000 అలాగే ఉంటాయి. ఒకే కణం, ఒకే ఆర్‌ఎన్‌ఏ, రెండు రోజుల్లో 6,250కీ 47,000కీ తేడా.

ఇంకో అడుగు వేయండి. తయారయ్యే వేగం మారకపోతే, చివరికి నిలకడగా ఉండే మొత్తం హాఫ్ లైఫ్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది. 500ను 16తో భాగిస్తే 31. అంటే జీన్ ఒక్క ఆర్‌ఎన్‌ఏ కూడా అదనంగా రాయకపోయినా, నిలకడ ఒక్కటి మారితే చివరి మొత్తం 31 రెట్లు దాకా పోవచ్చు. అందుకే "జీన్ ఎక్స్‌ప్రెషన్" అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఒక్కటే అని రాయడం తప్పు. ఈ ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగాన్ని విజిలిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుందని కూడా తర్వాత అదే షపీరో ల్యాబులో కనుగొన్నారు.

వెంటనే దీనికి జతగా ఆల్బుమిన్ సంగతి చెప్పండి. అదే కాలేయ కణంలో, అదే ఈస్ట్రోజెన్ వల్ల ఆల్బుమిన్ ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం తగ్గిపోతుంది. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ హార్మోన్ వల్ల చురుకవుతుంది. ఒక ఆర్‌ఎన్‌ఏకు ఆయుష్షు పోస్తూ, పక్కనున్న ఆర్‌ఎన్‌ఏకు తగ్గిస్తోంది. హార్మోన్‌ను "పెంచేది" అని మాత్రమే అనుకున్నవాళ్లు ఇక్కడ ఆలోచనలో పడతారు.

కణం మొత్తం ఎలా మారుతుందో చెప్పండి

బ్రహ్మోత్సవాలు దగ్గరపడితే తిరుమల పోటులో లడ్డూల ఆర్డర్ పెరగడంతో పని అయిపోదు, చేతులు పెరగాలి, చేసినవి పెట్టే చోటు పెరగాలి, బయటికి మోసే ఏర్పాటూ పెరగాలి. కాలేయ కణంలోనూ అంతే. ఈస్ట్రోజెన్ తగిలాక గరుకు అంతర్జీవద్రవ్య జాలం, గాల్జీ సంక్లిష్టం బాగా విస్తరిస్తాయి. అంత పెద్ద ప్రోటీన్‌ను తయారుచేయాలి, కొవ్వు, చక్కెర, ఫాస్ఫేట్ తగిలించాలి, రక్తంలోకి పంపాలి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ల సంఖ్య కూడా ఈస్ట్రోజెన్ వల్లే పెరుగుతుంది.

ఇక జ్ఞాపకం. మగకప్పకు ఒకసారి ఈస్ట్రడయాల్ ఇచ్చి, వారాల తర్వాత విటెల్లోజెనిన్ అంతా పోయాక, రెండోసారి ఇవ్వండి. ఈసారి స్పందన త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా వస్తుంది. బయటికి కణం మళ్లీ మామూలైనట్టే ఉంది, లోపల కాదు. పెరిగిన రిసెప్టర్లలో కొన్ని మిగిలి ఉండటం ఒక కారణం. ఇది చెప్పేటప్పుడు గ్రాఫ్ గీయండి: అడ్డంగా రోజులు, నిలువుగా విటెల్లోజెనిన్, మొదటి గీత నెమ్మదిగా లేచేది, రెండో గీత నిటారుగా లేచేది. అంకెలు వేయక్కర్లేదు, ఆకారం చాలు.

అడగబోయే ప్రశ్నలు

నాలుగు ప్రశ్నలు దాదాపు ఖాయం.

"రిసెప్టర్ చాలా కణజాలాల్లో ఉంటుంది కదా, విటెల్లోజెనిన్ కాలేయంలోనే ఎందుకు?" ఈఆర్‌ఈ ఒక్కటే చాలదు. విటెల్లోజెనిన్ ప్రమోటర్‌కు హెచ్‌ఎన్‌ఎఫ్3, సీ/ఈబీపీ లాంటి, కాలేయంలో సమృద్ధిగా ఉండే ప్రోటీన్లు కూడా అతుక్కోవాలి. హార్మోన్ సమయం చెబుతుంది, ఎక్కడ అన్నది కణం ముందే తేల్చుకుని ఉంటుంది.

"తోకకప్పకు ఇస్తే?" చిన్న తోకకప్ప కాలేయం స్పందించదు. రూపాంతరం చివరి దశలకు వచ్చేసరికి రిసెప్టర్లు పెరిగి, స్పందించే శక్తి వస్తుంది. జీన్ మొదటి నుంచీ ఉన్నా, వినే చెవి తర్వాత ఏర్పడింది.

"హార్మోన్ జీన్‌ను కదిలిస్తుందని మొదట ఎక్కడ కనపడింది?" కప్పలో కాదు. 1960లో క్లెవర్, కార్ల్‌సన్ కైరోనోమస్ అనే ఈగ డింభకానికి ఎక్డైసోన్ అనే కీటక హార్మోన్ ఇచ్చి, రాక్షస క్రోమోజోముల మీద కొత్త పఫ్‌లు (జీన్లు పనిచేస్తున్న చోట వచ్చే ఉబ్బులు) లేవడం చూశారు.

"దీనివల్ల ఉపయోగం ఏమిటి?" ఈ ప్రశ్నకు సిగ్గుపడకుండా గట్టిగా జవాబు చెప్పండి. మగ చేపల్లో, మగకప్పల్లో విటెల్లోజెనిన్ ఉండకూడదు. ఉందంటే ఆ నీళ్లలో ఈస్ట్రోజెన్ లాంటి రసాయనం ఏదో కలిసింది. బ్రిటన్ నదుల్లో మురుగునీటి శుద్ధి కేంద్రాల దిగువన మగ చేపల రక్తంలో విటెల్లోజెనిన్ దొరకడంతో ఈ పరీక్ష ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. గర్భనిరోధక మాత్రల్లోని ఎథినైల్ ఈస్ట్రడయాల్ అతి తక్కువ మోతాదులోనూ ఈ జీన్‌ను కదిలిస్తుంది.

చేత్తో ఏదైనా చేయాలనుకుంటే

వానాకాలంలో అవిలాల చెరువు వైపు వెళ్లి కప్పలు పట్టుకొద్దాం అనే ఆలోచన వద్దు. బావురుకప్పకు చట్టరక్షణ ఉంది, బ్రతికున్న వెన్నెముక జీవుల మీద ఏ ప్రయోగమైనా సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా చేయకూడదు. ఇంట్లో ఎవరో వాడే థైరాయిడ్ మాత్రలు తోకకప్పల నీళ్లలో వేసి చూడటమూ అదే కోవలోకి వస్తుంది.

దానికి బదులు కంప్యూటర్ దగ్గర కూర్చోండి. ఎన్‌సీబీఐ సైటులో (జీన్ సీక్వెన్సులు దొరికే చోటు) జెనోపస్ లీవిస్ విటెల్లోజెనిన్ ఏ2 జీన్ ముందు భాగపు సీక్వెన్స్ వెతికి దించుకోండి. వర్డ్ ఫైల్లో పెట్టి, మధ్యలో ఉన్న ఖాళీలు, అంకెలు తీసేయండి, లేకపోతే వెతికినా దొరకదు. కంట్రోల్ ఎఫ్ నొక్కి పదమూడు అక్షరాలూ కొట్టండి. దొరికిన చోటుకు పసుపు రంగు వేయండి. తర్వాత అదే వరసను బీ1 ముందు భాగంలో వెతకండి. పూర్తిగా దొరకదు. అప్పుడు సగం, అంటే జి జి టి సి ఏ మాత్రమే వెతకండి. దొరికిన ప్రతిచోటా దాని తర్వాత మూడక్షరాలు వదిలి, మిగతా సగం ఎంతవరకు కలుస్తోందో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. తర్వాత సగాన్ని తిరగేసి, టి జి ఏ సి సి కూడా వెతకండి. లోపమున్న వరస ఎలా ఉంటుందో మీ కళ్లతోనే కనపడుతుంది.

ఆ రెండు ప్రింటౌట్లనూ సెమినార్‌కు తీసుకెళ్లి, ముందు బెంచీల్లో ఇవ్వండి. మీరు బోర్డు మీద రాస్తుంటే వాళ్లు కాగితంలో వెతుకుతారు. రెండు రోజుల ముందు ఒకసారి హాస్టల్ రూములో స్నేహితుడినో స్నేహితురాలినో కూర్చోబెట్టి మొత్తం చెప్పి చూడండి, వేరే సబ్జెక్టు వాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లు మగకప్ప దగ్గర "అంటే జీన్ ముందే ఉందన్నమాట" అని తమంతట తాము అన్నారంటే మీరు సిద్ధమైనట్టే. అనకపోతే మగకప్ప భాగాన్ని ఇంకో రెండు నిమిషాలు పెంచి, కోయాక్టివేటర్ల నుంచి ఆ రెండు నిమిషాలూ తీసేయండి.